వేటకుక్క వాటా



ఆదివారం పొద్దున పరదరామిలోనో, గుడియాత్తంలోనో, ఇటు చిత్తూరులోనో మాంసం అంగడి ముందు కాసేపు నిలబడి చూడండి. కూరకు మాంసం కొనేవాళ్ళు ఒక వరుస. పక్కన ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు ఖాళీ సంచులు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ళకు కావలసింది కూర మాంసం కాదు. అమ్ముడుపోని పేగులు, ఊపిరితిత్తులు, నీటి బుడ్డలున్నాయని కసాయి పక్కన పడేసిన కార్జం ముక్కలు. ఎందుకు బాబూ అంటే, “ఇంట్లో రాజపాళయం కుక్క ఉంది సార్. వేట జాతి. పచ్చిమాంసం పెడితేనే దానికి బలం. పూర్వం పాలెగాళ్ళ కుక్కలు ఇదే తిన్నాయంట” అంటారు.

ఆ మాటలో కుక్క మీద ప్రేమ ఉంది, మన చరిత్ర మీద గౌరవమూ ఉంది. రెండూ మంచివే. కానీ ఆ చరిత్ర నిజమేనా? మన పెద్దలు వేటకుక్కలకు నిజంగా ఏం పెట్టారు? ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం. ఇది కుక్క తిండితో మొదలై మన పిల్లల ఆరోగ్యం దాకా వచ్చే కథ. అందుకని కాస్త ఓపికగా వినండి.

ముందుగా మన నేల సంగతి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. తర్వాత గీత గీశారు. చిత్తూరు అటు, గుడియాత్తం ఇటు. పరదరామి ఆ గీత పక్కనే మిగిలింది. కానీ కొండలకూ అడవికీ గీత తెలియదు. కుందేలుకూ అడవిపందికీ అసలే తెలియదు. ఈ కొండల మధ్యనే చిత్తూరు పాలెగాళ్ళు ఏలారు. బంగారుపాళ్యం, కల్లూరు, పులిచెర్ల అనే పేర్లు మీకు తెలిసినవే. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కుంఫిణీవారి చేతికి వెళ్ళింది. తర్వాత ఈ పాలెగాళ్ళు కొందరు ఎదురుతిరిగారు, అణచివేతకు గురయ్యారు. పాళెములు పోయాయి. అయితే వాళ్ళ పేరు ఒక కుక్కకు మిగిలింది.

యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు మన దేశపు మాటలను ఏర్చి కూర్చి 1886లో హాబ్సన్ జాబ్సన్ అనే నిఘంటువు వేశారు. అందులో ‘పాలెగారు కుక్క’ అని ఒక ఆరోపమే ఉంది. దక్షిణ దేశంలో కనిపించే పెద్ద జాతి కుక్క అని దానికి అర్థం చెప్పారు. అంటే ఆనాటికే మన ప్రాంతపు వేటకుక్క దొరల పుస్తకాలకు ఎక్కిందన్నమాట.

ఇక రాజపాళయం. ఆ ఊరు తమిళనాడులో విరుదునగర్ జిల్లాలో ఉంది. కానీ ఆ కుక్కను సాకి పేరు తెచ్చినవాళ్ళలో అక్కడికి తరాల కిందట వలసపోయిన తెలుగు రాజుల కుటుంబాలు ముఖ్యమైనవి. నేటికీ వాళ్ళ ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. అదే దిక్కున చిప్పిపారై, కన్ని అనే సన్నని నడుముల వేటకుక్కలున్నాయి. కోస్తాలో జోనంగి ఉంది. తమిళనాడు ప్రభుత్వం చెన్నై సైదాపేటలో ఇలాంటి నాటు జాతుల కోసం పెంపక కేంద్రం పెట్టింది. 2005లో తపాలా శాఖ రాజపాళయం కుక్క బొమ్మతో బిళ్ళ వేసింది. అంత పేరున్న జాతి అది.

ఇంకా వెనక్కు పోదాం. మన పక్కనే తిరువణ్ణామలై జిల్లాలో ఎడుత్తనూరు అనే ఊరుంది. 1989 దాకా అదీ ఉత్తర ఆర్కాటే. అక్కడ ఏడవ శతాబ్దపు వీరగల్లు ఒకటి దొరికింది. పల్లవ మహేంద్రవర్మ కాలం నాటిది. పోరులో చనిపోయిన వీరుడి బొమ్మ, అతని పక్కన కుక్క బొమ్మ ఉన్నాయి. ఆ కుక్క పేరు కోవివన్ అనీ, అది ఇద్దరు దొంగలను కరిచి నిలబడిందనీ రాతి మీద చెక్కారు. పదమూడు, పద్నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక ఊరివాళ్ళు ఒక కుక్క పేరును రాతిలో దాచుకున్నారు!

ఇంకొకటి వినండి. ఇప్పటి రాణిపేట జిల్లాలో తక్కోలం ఉంది. 949 ప్రాంతంలో అక్కడ చోళులకూ రాష్ట్రకూటులకూ పెద్ద యుద్ధం జరిగింది. చోళ యువరాజు రాజాదిత్యుడు అందులో చనిపోయాడు. రాష్ట్రకూటుల పక్షాన గంగ రాజు బూతుగుడి వెంట మణలేరుడనే వీరుడు పోరాడాడు. ఆ శౌర్యానికి మెచ్చి ఏం కావాలో కోరుకొమ్మంటే అతను ఊరు కోరలేదు, బంగారం కోరలేదు. కాళి అనే వేటకుక్కను కోరాడు. ఆ కాళి తర్వాత ఒక పెద్ద అడవిపందితో తలపడింది. పందీ చచ్చింది, కుక్కా చచ్చింది. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరులో దానికి రాయి నిలిపి, ఆ రాతికి పూజ జరగడానికి భూమి కూడా ఇచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉంది.

మరి ఇంత గౌరవం పొందిన కుక్క రోజూ ఏం తిన్నది? రాయి చెప్పదు. దానికి మన ఇళ్ళే సాక్ష్యం.

పెద్దవాళ్ళున్న ఇంట్లో అడిగి చూడండి. కుక్కకు ఏం పెట్టేవాళ్ళంటే ఒకటే జవాబు. సంగటి. అరవంలో కళి. రాగిముద్దను మజ్జిగలో కలిపి రాతితొట్టిలో వేసేవాళ్ళు. లేకపోతే గంజి, నిన్నటి అన్నం. ఇంట్లో మాంసం వండిన రోజు ఎముకలు. ఆలోచించండి. మన కొండపల్లెల్లో మనిషికే పండగకో జాతరకో తప్ప మాంసం దొరకని రోజులవి. రోజూ కుక్కకు మాంసం ఎక్కడినుంచి వస్తుంది? మనిషి తిన్నదే కుక్క తిన్నది. వేటకుక్క అయినా కావలికుక్క అయినా దాని రోజువారీ కూడు పొయ్యి మీదనుంచి దిగిందే.

అయితే పచ్చిది పెట్టనే లేదా? పెట్టారు. ఎప్పుడు? వేట ముగిసినప్పుడు. కుందేలో పందో పడినప్పుడు వాటాలు వేస్తారు. తరిమినవాడికి ఒక పాలు, కొట్టినవాడికి ఒక పాలు, కుక్క గలవాడికి ఒక పాలు. అక్కడికక్కడే కోసినప్పుడు నెత్తురో పేగో కాస్త కుక్క ముందు వేస్తారు. అది దాని కూలి. ఈసారి పరుగెత్తినందుకు కూలి, మరుసారి పరుగెత్తడానికి ఆశ. అది ఆహారం కాదు, వాటా. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మనం మరిచిపోయింది దీన్నే.

ఇది మన దగ్గర మాత్రమే కాదు. రెండు వేల ఏళ్ళ కిందట రోము దేశంలో వర్రో అనే పండితుడు సేద్యం గురించి పుస్తకం రాశాడు. మంద కాసే కుక్కకు బార్లీ రొట్టెను పాలలో నానబెట్టి పెట్టమన్నాడు. చచ్చిన గొర్రె మాంసం మాత్రం తిననివ్వవద్దన్నాడు. ఆ రుచి మరిగితే మంద మీదనే పడుతుందని అతని భయం. మన గొర్రెల కాపరులు వింటే, “ఇది మాకు తెలియనిదా” అంటారు. పద్నాలుగవ శతాబ్దం చివర ఫ్రాన్సులో గాస్తోం ఫెబ్యూస్ అనే ప్రభువు వేట గురించి గొప్ప గ్రంథం రాయించాడు. దుప్పి పడ్డాక దాని తోలు పరిచి, పేగుల ముక్కలను నెత్తుటిలో తడిపిన రొట్టెతో కలిపి కుక్కలకు పెట్టే తంతు ఆ దేశపు వేటలో ఉండేది. చూశారా, అక్కడ కూడా వాటాలో రొట్టె ఉంది. 1781లో ఇంగ్లండులో పీటర్ బెక్‌ఫర్డ్ అనే వేటగాడు తన పుస్తకంలో నక్కల వేట కుక్కలకు ఓట్లు, బార్లీ పిండి బాగా ఉడకబెట్టి పెట్టాలని రాశాడు. మనది రాగి, వాళ్ళది బార్లీ. పొయ్యి మాత్రం అందరిదీ ఒకటే.

మన శ్రీకాళహస్తి కన్నప్పనే తలుచుకోండి. తిన్నడు వేటగాడు. తనకు తెలిసిన పద్ధతిలోనే దేవుడికి మాంసం పెట్టాడు. కానీ పచ్చిది పెట్టలేదు. నిప్పుల మీద కాల్చి, రుచి చూసి, బాగున్నదే తెచ్చాడు. వేటగాడి బతుకులో కూడా నిప్పుకు ఉన్న చోటు అది.

“కుక్క తోడేలు వంశం కదా, తోడేలు వండుకుని తింటుందా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కుక్కల, తోడేళ్ళ జన్యువులను పోల్చి చూశారు. పిండి పదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటుంది. కుక్కలో నాలుగు మొదలు ముప్పై దాకా ఉంది. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఇంకొక సంగతి తేలింది. మంచుదేశాల కుక్కల్లో ఈ ప్రతులు తక్కువ. పూర్వం నుంచి సేద్యం సాగిన దేశాల కుక్కల్లో ఎక్కువ. అంటే ఏమిటి? మనిషి ధాన్యం పండించడం మొదలుపెట్టాక, ఆ మనిషి వాకిట్లో గంజి తాగి తాగి కుక్క కడుపే మారిపోయింది. మన సంగటి ముద్ద దాని జన్యువులో చేరిందని చెప్పినా పెద్ద అతిశయోక్తి కాదు.

అలాగని మాంసం వద్దని నేను చెప్పడం లేదు. పరుగెత్తే కుక్కకు మాంసకృత్తులు కావాలి, కొవ్వు కావాలి. ఉత్తి సంగటితో పెరిగిన కుక్క బక్కచిక్కి ఉండటం మనం చూసిందే. అలాస్కా మంచులో రోజంతా బండి లాగే కుక్కకు కొవ్వే ప్రధానమైన ఇంధనం. చేపలు, మాంసం బాగా పెడతారు. మన వేటకుక్క పరుగు వేరు. బాణంలా దూసుకుపోయి నిమిషాల్లో ముగించే పరుగు అది. పనిని బట్టి తిండి. అంతే గాని జాతి పేరు చూసి పెట్టేది కాదు.

ఇంకొక మాట. ఉత్తి మెత్తటి మాంసమే పెట్టి పెంచిన కుక్కపిల్లకు సున్నం చాలదు. చూడటానికి నిగనిగలాడుతుంది, లోపల ఎముకలు గుల్లబారతాయి, కాళ్ళు వంకరపోతాయి. వాపు చూసి బలుపనుకోవడమంటే ఇదే. అడవిలో కుందేలును పట్టిన జంతువు మాంసంతో పాటు ఎముకనూ నములుతుంది. అంగడిలో ఎముక తీసిన మాంసంతో ఆ లెక్క సరిపోదు.

మరి ఈ పచ్చిమాంసం మాట ఎక్కడినుంచి వచ్చింది? 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా వ్యాపారి లండనులో కుక్కల బిస్కెట్లు తయారుచేసి అమ్మాడు. అప్పటినుంచి కుక్క తిండి కంపెనీల సరుకైంది. తర్వాత డబ్బాలు, ఆ తర్వాత సంచుల్లో ఎండు గుళికలు వచ్చాయి. దానికి ఎదురుగా 1993లో ఆస్ట్రేలియాలో ఇయన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే పశువైద్యుడు పుస్తకం రాసి, కుక్కలకు పచ్చి మాంసం, పచ్చి ఎముకలు పెట్టమన్నాడు. గుళికల మీద విసుగెత్తినవాళ్ళు ఆ మాట అందుకున్నారు. ఆయన మాటల్లో మనం ఒప్పుకోవలసినవీ ఉన్నాయి. ఉడికిన ఎముక పెళుసు. నమిలితే సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఆ భయం నిజమే. కానీ 2012లో అమెరికా పశువైద్యుల సంఘం పచ్చి మాంసాహారం పెట్టవద్దని సలహా ఇచ్చింది. అందులోని సాల్మొనెల్లా వంటి క్రిములు కుక్కకే కాదు, దాన్ని సాకే ఇంటికీ చేటు అని వాళ్ళ కారణం.

పచ్చిమాంసం పెట్టేవాళ్ళు ఆ దేశాల్లో తనిఖీ అయిన మాంసం కొని, గడ్డకట్టించి, కొలిచి పెడతారు. మన దగ్గర ఏం పెడుతున్నారు? మొదట చెప్పాను కదా, కసాయి పక్కన పడేసినది!

ఇక్కడే చరిత్ర మలుపు తిరిగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కుందేలునైనా పందినైనా కుక్కతో వేటాడటం నేరమైంది. అడవి బతకాలంటే ఆ చట్టం కావలసిందే. కానీ దానితో వేటకుక్కకు పని పోయింది, వాటా పోయింది. పేరు మాత్రం మిగిలింది. ఏడాదిలో నాలుగైదు సార్లు అడవిలో దొరికిన పచ్చి వాటా, ఇప్పుడు వారం వారం అంగడినుంచి గొర్రె పేగుగా, కార్జంగా వస్తున్నది. కూలి కూడుగా మారింది. అదీ అన్నింటికన్నా ప్రమాదమైన చోటినుంచి.

ఎందుకు ప్రమాదమో చెబుతాను. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో అప్పుడప్పుడూ నీటి బుడ్డలు కనిపిస్తాయి. కసాయివాళ్ళకు బాగా తెలుసు. అవి ఒక చిన్న బద్దెపురుగు పిల్లదశ. పెద్దపురుగు కుక్క పేగులో ఉంటుంది. పొడవు కొన్ని మిల్లీమీటర్లే, వడ్లగింజ కంటే చిన్నది. కుక్క ఆ బుడ్డను పచ్చిగా తింటే ఒకటి రెండు నెలల్లో దాని పేగులో వేల పురుగులు తయారై, మలంలో గుడ్లు పడతాయి. కంటికి కనపడని ఆ గుడ్లు గడ్డి మీద చేరి గొర్రె కడుపులోకి పోతాయి. ఆకుకూర మీద, నీళ్ళలో, కుక్క బొచ్చు మీద, దాన్ని నిమిరిన పిల్లవాడి చేతి మీద చేరి మనిషి కడుపులోకీ పోతాయి. అక్కడినుంచి మనిషి కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో అదే నీటి బుడ్డ మొదలవుతుంది. ఏళ్ళ తరబడి నొప్పి లేకుండా పెరుగుతుంది. కొబ్బరికాయంత అయ్యాక బయటపడుతుంది. చాలాసార్లు ఆపరేషను తప్పదు. డాక్టర్లు దీన్ని హైడాటిడ్ జబ్బు అంటారు. మన దేశంలో ఆంధ్ర, తమిళనాడు ప్రాంతాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుందని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. మనం ఉన్నది ఆ రెండింటి నడిమి గట్టు మీదే.

విచిత్రం ఏమంటే, పేగులో వేల పురుగులున్నా కుక్కకు ఏమీ కాదు. నిగనిగలాడుతూ పరుగెత్తుతుంది. “పచ్చిమాంసం పెట్టాను, చూడండి ఎంత బాగుందో” అని యజమాని మురిసిపోతాడు. జబ్బు పడేది అతని బిడ్డ. పదేళ్ళ తర్వాత. అప్పటికి కుక్కా ఉండదు, కారణమూ తోచదు.

కాపరులకు ఇంకొక జబ్బు తెలుసు. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోతుంది. దాని మెదడులో నీటి బుడ్డ ఉంటుంది. అది కూడా కుక్క పేగులోని మరొక బద్దెపురుగు పనే. చచ్చిన గొర్రె తలను కుక్కకు పచ్చిగా వేస్తే మళ్ళీ అదే చక్రం.

ఈ చక్రాన్ని తెంచిన దేశాలున్నాయి. ఐస్‌లాండ్ అనే చలిదేశంలో గొర్రెలే జీవనం, ఇంటింటా కుక్క. 1863లో క్రాబె అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్ళి నూరు కుక్కలను పరీక్షిస్తే ఇరవై ఎనిమిదింటిలో ఈ పురుగు కనిపించింది. ఆయన చిన్న పుస్తకం రాశాడు. 1864లో దాన్ని ఇంటింటికీ పంచారు. అందులో ఉన్న ముఖ్యమైన మాట చాలా సులువైనది. బుడ్డలున్న అవయవాలను కుక్కకు వేయవద్దు, పాతిపెట్టండి లేదా కాల్చండి. ఆ జనం చదివారు, పాటించారు. తర్వాత చట్టాలూ వచ్చాయి. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ దేశంలో ఆ పురుగే లేకుండా పోయింది. న్యూజిలాండ్ 1959లో దీని కోసమే చట్టం చేసి, 2002లో ఈ పీడ వదిలిందని చెప్పుకుంది. గొప్ప మందు కనిపెట్టి సాధించిన గెలుపు కాదిది. కుక్క ముందు ఏం వేయాలో, ఏం వేయకూడదో తెలుసుకుని సాధించినది.

కాబట్టి వేటజాతి కుక్కను సాకుతున్న శ్రోతలకు నాలుగు మాటలు. పేగు, కార్జం, ఊపిరితిత్తి, తల ఏది తెచ్చినా అరగంట తక్కువ కాకుండా నీళ్ళలో మరగనివ్వండి. బుడ్డలు కనిపిస్తే అసలు తేవద్దు, కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టమని అంగడివారికి చెప్పండి. ఉడికిన మాంసాన్ని సంగటితోనో అన్నంతోనో కలిపి, కాస్త మజ్జిగ, దొరికితే గుడ్డు పెట్టండి. ఉల్లిపాయ వేసిన కూర మాత్రం వద్దు, అది కుక్క నెత్తురుకు చేటు. లోతైన రొమ్ము ఉన్న కుక్కలకు కడుపు నిండా తినిపించి వెంటనే పరుగెత్తించకండి. కడుపు ఉబ్బి మెలిపడితే ప్రాణానికే ముప్పు. పశువుల డాక్టరును అడిగి క్రమం తప్పకుండా పురుగుల మందు వేయించండి. కుక్కను నిమిరిన పిల్లలు చేతులు కడుక్కున్నాకే కంచం ముందు కూర్చోవాలి.

కోవివన్ పేరు రాతి మీద నిలిచింది. కాళి కోసం భూమినే ఇచ్చారు. కుక్కను గౌరవించడం మన రక్తంలోనే ఉంది. కానీ ఆ పెద్దలు కుక్కను తమ పొయ్యికి దూరంగా పెట్టలేదు. తాము తిన్న ముద్దలోనే ఒక ముద్ద తీసి దానికి పెట్టారు. పాలెగాళ్ళ కాలపు ఆచారం నిలబెట్టాలనుకుంటే మనం నిలబెట్టవలసింది ఆ ముద్దనే. వచ్చే ఆదివారం మాంసం అంగడి ముందు ఆ సంచి పట్టుకున్న కుర్రవాడు కనిపిస్తే ఈ మాట అతని చెవిన వేయండి. కుక్కకు వాటా పెట్టు నాయనా, తప్పకుండా పెట్టు. పొయ్యి మీద ఉడికించి పెట్టు.